అన్వరీ బండికి మడ్ టైర్లు

అన్వరీ బండి నడపడం నేర్చుకునేనాటికి ఆమెకు నలభై దగ్గరపడుతున్నాయి. భర్త ఖయ్యూమ్ పెళ్లికి ముందు నుంచీ డ్రైవరే. ఎన్నాళ్లో ఎవరెవరి బండ్లో నడిపి, చివరికి సొంతంగా ఒక తెల్ల పికప్ కొనుక్కున్నాడు. భవానీపురంలో ఇంటి ముందున్న కాస్త జాగా దానిదే అయింది. ఆ సంతోషం పాతబడకముందే ఆయన నడుము దెబ్బతింది. వెన్నులో డిస్కు జారిందని ఆపరేషన్ చేశారు. కర్ర సాయంతో నడవగలిగాడు గానీ, స్టీరింగ్ ముందు గంటసేపు కూర్చోలేకపోయాడు.

బండి అమ్మేద్దామన్నాడు. సాయంత్రం అన్వరీ టీ గ్లాసు చేతికిస్తూ, "నాకు నేర్పండి," అంది.

ఖయ్యూమ్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు. పున్నమి ఘాట్ దగ్గర ఖాళీ స్థలంలో పొద్దున్నే నేర్పేవాడు. గేరు కిర్రుమన్నప్పుడల్లా తన పన్ను పీకుతున్నట్టు ముఖం పెట్టేవాడు. అయినా ఓపికగా, పూర్తిగా నేర్పాడు. లైసెన్సు వచ్చిన రోజున మాత్రం తాళంచెవి ఆమె చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ బండి ఎక్కలేదు. లోడ్లు ఫోన్లో మాట్లాడేది ఆయనే, ఆయిలు ఎప్పుడు మార్చాలో గుర్తుచేసేది ఆయనే. ఓసారి పక్కన కూర్చుని రండి అంటే మాత్రం నడుము నొప్పి అనేవాడు. అందులో నిజం కొంతేనని అన్వరీకి తెలుసు. తక్కినదాని గురించి ఆమె అడగలేదు.

ఆడమనిషి బండికి లోడు ఇవ్వడానికి మొదట్లో చాలామంది వెనకాడారు. తోట్లవల్లూరు అవతల, కృష్ణ పాయల మధ్య ఉన్న ఒక లంకలో అరటితోట చేసే మాణిక్యం మాత్రం వెనకాడలేదు. అరవై దాటిన రైతు. కొంగు బొడ్లో దోపుకుని గెలలు తనే కొట్టించేది.

"ఎవరు నడిపితే నాకేంటమ్మాయ్? గెల నలక్కుండా బెజవాడ చేరితే చాలు," అంది మొదటిరోజే.

అన్వరీ ఆమెను పిన్నిగారూ అని పిలిచేది. వారానికి రెండు మూడుసార్లు గెలలు ఎక్కించుకుని వన్‌టౌన్ మార్కెట్‌కు చేర్చేది. ఏ లోడు ఉన్నా లేకపోయినా ఆ లోడు మాత్రం తనదని ఆమెకు ధైర్యం.

చిక్కంతా దారితోనే. కరకట్ట దిగితే సిమెంటు రోడ్డు అయిపోతుంది. అక్కణ్ణించి పాయ మీది చిన్న వంతెన దాటి తోటదాకా ఒండ్రుమట్టి బాట. ఎండలో గచ్చులా గట్టిగా ఉంటుంది. ఒక్క వాన పడిందా, సబ్బు రాసినట్టు జారుతుంది. కంపెనీ నుంచి వచ్చిన టైర్లు తారురోడ్డు కోసం చేసినవి. సన్నటి గాళ్లలో మట్టి నిండి, టైరు గుండులా నున్నగా అయిపోయేది. వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగేవి.

ఆ ఏడు ఆశ్వయుజంలో వానలు ఆగకుండా పట్టుకున్నాయి. ఒకరోజు నిండు లోడుతో బండి పక్కకు జారి, వెనక చక్రం బాట పక్కనున్న నీటి బోదెలోకి దిగిపోయింది. ట్రాక్టరు దొరికి, గొలుసు వేసి లాగేసరికి మధ్యాహ్నం దాటింది. గెలలు ఎక్కించిన మాణిక్యం మనుషులే మళ్లీ దించి, బండి బయటపడ్డాక మళ్లీ ఎక్కించారు. చాలా కాయలు కమిలిపోయాయి.

మాణిక్యం కోప్పడలేదు. బురద కాళ్లతో నిలబడి మెల్లగా అంది. "వానలు తగ్గేదాకా నువ్వు రావొద్దులే అమ్మాయ్. ఇంకెవర్నన్నా చూసుకుంటాలే. నీకెందుకీ అవస్థ?"

తిట్టినా బాగుండేదనిపించింది అన్వరీకి. దారి పొడుగునా ఆ మాటే చెవిలో ఉంది.

ఇంటికొచ్చి, స్నానం చేసి, ఖయ్యూమ్ ఎదురుగా కూర్చుంది. "టైర్లు మార్చేద్దామండీ. మడ్ టైర్లు వేయిద్దాం."

"జీపులకేసుకుంటారే, ముద్దముద్దలుగా ఉంటాయి, అవా?"

"అవే."

ఖయ్యూమ్ తల అడ్డంగా ఊపాడు. "నువ్వు తిరిగేది ఎక్కువ తారురోడ్డే. దానిమీద అవి ఒకటే గోల చేస్తాయి. డీజిలు ఎక్కువ తాగుద్ది. తొందరగా అరిగిపోతాయి. తడి రోడ్డుమీద సడన్ బ్రేకు కొట్టావా, అనుకున్న చోట ఆగదు. తోట దగ్గర కాసింత దూరం కోసం ఇదంతా ఎందుకు?"

"మీరు చెప్పినవన్నీ నిజమే. నెమ్మదిగా నడుపుకుంటా. కానీ ఆ కాసింత దూరం పోలేకపోతే, మిగతా దూరం పోయి ఏం చేయను?"

ఆయన కిటికీ వైపు చూశాడు. "నీ ఇష్టం. నడిపేది నువ్వేగా," అన్నాడు. ఆ చివరి మాట అనకుండా ఉంటే బాగుండునని అన్నవాడికీ అనిపించింది, విన్నామెకూ అనిపించింది.

మర్నాడు అన్వరీ ఒక్కతే పటమట దాటి ఆటోనగర్ వెళ్లింది. టైర్ల షాపు చక్రి ఖయ్యూమ్‌కు ఎప్పటినుంచో తెలిసినవాడు. "అన్న రాలేదా అక్కా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పనిలో పడ్డాడు. ఒక సైజు పెద్దవి వేస్తే చూడ్డానికి బాగుంటుందన్నాడు. అన్వరీ వద్దంది, పాత సైజే కావాలంది. కొత్త టైరుమీద రబ్బరు దిమ్మలు బొటనవేలంత ఎత్తున ఉన్నాయి. వాటి మధ్య గాళ్లలో నాలుగు వేళ్లూ పట్టాయి. నాలుగూ బిగించాక స్టీరింగ్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పించి, టైరు మడ్‌గార్డుకు తగలడం లేదని చక్రి వంగి చూసుకున్నాడు.

"పాతవి నాకిచ్చేస్తావా అక్కా?"

"వద్దులే. వెనక పడెయ్."

హైవే ఎక్కగానే మోత మొదలైంది. తుమ్మెదల గుంపు బండికింద దూరినట్టు ఒకటే హోరు. స్టీరింగ్ బరువెక్కింది. ఆయన చెప్పినట్టే ఉందే, తొందరపడ్డానా అని బెంజిసర్కిల్ దాకా ఆలోచిస్తూనే ఉంది.

రెండ్రోజులాగి, పిలవకుండానే లంకకు వెళ్లింది. ముందురోజు రాత్రంతా వాన. కరకట్ట దిగి, మొదటి గేరులో, కాలు బిగబట్టి బాటమీదికి పోనిచ్చింది. బండి ఊగింది, జారబోయింది, అంతలోనే కింద ఏదో గట్టిగా పట్టుకున్నట్టు ముందుకు కదిలింది. గాళ్లలో నిండిన మట్టిని టైర్లే విదిల్చి పారేస్తుంటే, ముద్దలు క్యాబిన్ మీద టపటపా పడ్డాయి. అన్వరీ తోటలోని పాకదాకా పోయి ఆపింది. మాణిక్యం గొడుగు పట్టుకుని బయటికొచ్చి, బండినీ చక్రాలనీ మార్చి మార్చి చూసింది.

"ఇదేంటమ్మాయ్, ట్రాక్టరు కాళ్లు తొడిగించావా?"

అన్వరీ పకపకా నవ్వింది. ఆ రోజు గెలలు ఒక్కటీ నలగకుండా మార్కెట్ చేరాయి. ఆ వానాకాలమంతా ఆమె వెళ్తూనే ఉంది.

చలికాలం చివర్లో నది పాయ ఎండిపోయింది. అలా ఎండినప్పుడు బండ్లు వంతెన వైపు చుట్టూ తిరిగి రాకుండా ఇసుకలోంచి అడ్డంగా కట్టకు చేరుకుంటాయి. బురదలోనే పోయిన బండికి ఇసుక ఒక లెక్కా అనుకుంది అన్వరీ. నిండు లోడుతో దిగింది. సగందూరం బాగానే వచ్చింది. ట్రాక్టర్లు తొక్కి ఇసుకను పొడిపొడిగా చేసిన చోట బండి మందగించింది. ఆమె యాక్సిలరేటర్ గట్టిగా తొక్కింది. బురదను విదిల్చిన ఆ దిమ్మలే ఇక్కడ గడ్డపారల్లా ఇసుకను తవ్వేశాయి. చూస్తుండగానే వెనక ఇరుసు ఇసుకమీద కూర్చుంది.

ఫోన్ చేస్తే ఖయ్యూమ్ మొత్తం విని, "ఇంక తొక్కకు. ఇంజను ఆపెయ్," అన్నాడు. ఫోన్ పెట్టేసేముందు, "వస్తన్నా," అన్నాడు.

ఆయన వస్తాడని ఆమె అనుకోలేదు. కట్టదాకా ఆటోలో వచ్చి, నడుముకు బెల్టు, చేతిలో కర్రతో ఇసుకలో అడుగడుగూ తడుముకుంటూ వస్తున్న మనిషిని చూసి, ఎదురు పరిగెత్తింది. చెయ్యి పట్టుకోబోతే వద్దనలేదు.

బండి దగ్గరకొచ్చి టైరు గాడిలో వేలు పెట్టి చూశాడు. ఇన్ని నెలల్లో వాటిని ఆయన ముట్టుకోవడం అదే మొదలు. "మంచి రబ్బరే," అన్నాడు. "దీనికి గాలి ఎక్కువైంది. టైరు కొంచెం పరుచుకుంటే ఇసుకమీద తేలుద్ది. ఇటు రా, నేను వంగలేను."

అన్వరీ వాల్వు మూత తీసి పుల్లతో నొక్కింది. గాలి బుస్సుమంటుంటే ఆయన టైరు పక్కల ఉబ్బు చూస్తూ నిలబడ్డాడు. "ఇంకా... ఇంకా... చాలు." నాలుగింటికీ అలాగే తీసింది. మాణిక్యం మనుషులు వచ్చి సగం గెలలు దించారు. అన్వరీ పారతో చక్రాల ముందు ఇసుక తీసింది. అరటాకులు, ఎండిన అరటి బోదెలు పరిచారు.

"రెండో గేరులో కదుపు. తొందరపడకు," అంటూ ఖయ్యూమ్ పక్క తలుపు తీసి, కర్ర లోపల పడేసి, మెల్లగా ఎక్కి కూర్చున్నాడు. అన్వరీ ఒక్కక్షణం ఆయన వైపు చూసి, బండి స్టార్ట్ చేసింది. చక్రాలు ఒకసారి అటూ ఇటూ తడబడి, ఆకుల మీదికి ఎక్కి, ఆగకుండా ముందుకు సాగాయి. గట్టినేల చేరాకే అన్వరీ బ్రేకు తొక్కింది. దించిన గెలలు మనుషులు మోసుకొచ్చి మళ్లీ ఎక్కించారు.

కట్టమీద పంక్చర్ షాపు దాకా నెమ్మదిగా పోయి గాలి కొట్టించుకున్నారు. మళ్లీ బయల్దేరాక టైర్ల హోరు మొదలైంది. ఖయ్యూమ్ చాలాసేపు వింటూ కూర్చున్నాడు.

"నువ్వు నడుపుతుంటే పక్కన కూర్చోవాలంటే ఏదోలా ఉండేది," అన్నాడు రోడ్డు వైపే చూస్తూ. "నా పనంతా అయిపోయినట్టు."

"గాలి ఎంత తీయాలో నాకు తెలీదుగా," అంది అన్వరీ.

ఆయన ఆమె కాళ్ల వైపు చూశాడు. తరవాత, "క్లచ్ మీద కాలు ఆనించే ఉంచుతున్నావ్. తీసెయ్. ప్లేట్లు పోతాయ్," అన్నాడు. ఆమె తీసేసింది.

ఇప్పుడు వానాకాలం ముందు మడ్ టైర్లు, పాయ ఎండేవేళకు ఇంటివెనక దాచిన పాత టైర్లు వేసుకుంటున్నారు. ఏవి ఎప్పుడు మార్చాలన్నది ఇద్దరూ కలిసి తేలుస్తారు, అప్పుడప్పుడూ వాదించుకుంటారు కూడా. లంక లోడు ఉన్నప్పుడు ఖయ్యూమ్ నడుము వెనక దిండు పెట్టుకుని వస్తాడు. అన్వరీ గెలలు కట్టించేలోపు, పాకలో మాణిక్యం పోసిన మజ్జిగ తాగుతూ వ్యవసాయం మాటలు మాట్లాడతాడు. దూరం లోడైతే ఆమె ఒక్కతే వెళ్తుంది. వచ్చాక దారి ఎలా ఉందని ఆయన అడుగుతాడు. ఆమె అన్నం తింటూ అంతా చెబుతుంది.