నంద్యాలకు వెళ్లిన నవ్వు

ఇవాళ పొద్దున నల్లరాయి మీద నీళ్లు చల్లగానే వాసన గుప్పుమంది. వెంటనే ఓబులయ్య మేస్త్రి గుర్తుకొచ్చాడు. ఆళ్లగడ్డలో ఆయన షెడ్డులో ఆరేళ్లు ఉలి పట్టాను. మనిషి పొట్టి, గొంతు మాత్రం రోడ్డు అవతలి టీకొట్టు దాకా వినిపించేది. దేవుళ్ల విగ్రహాలకు ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. నాయకుల విగ్రహమైతే ఫొటో పక్కన పెట్టేసి, చేయించుకునేవాళ్లను బల్ల మీద కూర్చోబెట్టేవాడు. "ఆయన మీ తట్టు ఎట్లా చూస్తాండెనో ఒకసారి చూపియ్యండప్పా" అనేవాడు. తెల్లబట్టల పెద్దమనుషులు మూతులు తిప్పుతూ కనుబొమలు ఎగరేస్తుంటే మేం నవ్వాపుకోలేక చచ్చేవాళ్లం.

ఒకసారి నంద్యాలలో ఒక పేటవాళ్లు, కాలం చేసిన ఒక నాయకుడి విగ్రహం అడిగారు. వాళ్ల వీధులకు తాగునీళ్లు తెచ్చింది ఆయనేనట. మాదేమో శిరివెళ్ల. ఆయన ఇస్తానన్న కాలువ మా చేల దాకా రానేలేదు. ఆ పేరెత్తితే మా నాయన అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. అలాంటి మనిషి మొహం మేస్త్రి నాకు అప్పగించాడు! పేటవాళ్లు వచ్చి బల్ల మీద కూర్చున్న రోజు నేను ఊళ్లో విత్తనం పనిలో ఉన్నాను. ఎరిగిన మొహమే కదా, అడిగేదేముందని చెక్కేశాను.

మేస్త్రి చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏందప్పా ఇది? ఎవురినో కొట్టేకి పోతాండేటట్లుండాడే! యాడ చూసినావు ఈ మొగం?"

"మా ఇంట్లో. మా నాయన చెప్తాంటే."

పగలబడి నవ్వాడు. "మీ నాయన చెప్పింది అబద్ధం కాదులే. కానీ ఇది శిరివెళ్ల మొగం. నంద్యాలోల్లు దీనికి దండెట్లా వేస్తారు?"

ఎల్లుండే విగ్రహం తీసుకుపోయే ట్రాక్టరు వస్తుంది. వాళ్లు వద్దన్నారంటే రాయితోపాటు మేస్త్రి పేరూ పోతుంది. మేస్త్రి మాత్రం "మొగంలో ఇంకా రాయి మిగిలుంది, పద" అని నన్ను నంద్యాల బస్సెక్కించాడు.

ఆ పేటలో కొళాయి దగ్గర ఒక ముసలమ్మ, "మొదటి బిందె నిండినప్పుడు ఆ సామి ఇట్లా చూసినాడు నాయనా" అంటూ తల కాస్త వంచి, బుగ్గలు పొంగేలా నవ్వి చూపించింది. చూస్తూ చూస్తూ నేనూ నవ్వేశాను. ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ, ఆమె చెప్పిందీ అబద్ధం కాదు.

తిరిగొచ్చి ముడిపడిన కనుబొమలను పలచన చేశాను, పెదవి చివర్లు లోపలికి తవ్వాను. మేస్త్రి వేలితో తడిమి, "ఆఁ, ఇప్పుడు నీళ్లొచ్చినాయి" అన్నాడు. అబ్బ, ఆ మాటకు ఎంత పొంగిపోయానో!

ట్రాక్టరు శిరివెళ్ల మీదుగానే పోవాలి. రోడ్డు పక్కన మా నాయన! చెయ్యెత్తి ఆపాడు. గోనెపట్ట తొలగించి చాలాసేపు చూశాడు.

"నువ్వేనా చెక్కింది?"

"ఊఁ."

"మా తట్టు ఒక్కసారన్నా ఇట్లా నవ్వినాడారా?" అలిగినవాడి గొంతు అది.

ట్రాలీ మీంచి మేస్త్రి అరిచాడు. "మీ ఊరోల్లూ చేపియ్యండన్నా, మీరు చూసినట్లే చేసిస్తాం!"

నాయన మూతి బిగించాడు. అంతలోనే ఫక్కున నవ్వాడు. "మాకు బొమ్మొద్దప్పా, కాలువ చేపియ్యి చాలు" అన్నాడు. ఆ గోనెపట్టను మళ్లీ తనే కప్పి, గాలికి ఎగరకుండా తాడు బిగించాడు.

మేస్త్రి ఇప్పుడు లేడు. షెడ్డు నాది, బల్ల ఆయనది. నిన్న ఎవరో ఒక నాయకుడి ఫొటో ఇచ్చి వెళ్లారు. నాకు బొత్తిగా గిట్టని మనిషి. కాసేపట్లో వాళ్లొస్తారు. బల్ల తుడిచి ఉంచాను.