కానుగను రావి అన్న మా జేజి

నా చిన్నప్పుడు, రెండో ప్రపంచయుద్ధం పుణ్యమా అని పెట్రోలు దొరక్క, కడప నుంచి రాయచోటికి పోయే బస్సు బొగ్గుల పొగతో నడిచేది. వెనక పీపాలాంటి పొయ్యి, దాన్ని రాజేయడానికి చేత్తో తిప్పే చక్రం. నడిచేది అని మర్యాదకు అంటున్నాను. గువ్వలచెరువు కనుమ ఎక్కే సత్తువ ఆ పొగకు ఎక్కడిది? అందరినీ కొండ కింద దింపేసి, మూటలు మాత్రం మోసుకుని పైకి పోయి కాచుకునేది. టిక్కెట్టు కొన్న మనుషులు కొండెక్కాలట, కొనని మూటలు బస్సులో పోతాయట. ఇదేం న్యాయమని నేను అప్పుడే అడిగాను.

కడపలో మిషను బడి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న రోజులవి. మా నాయన పటాలంలో పనిచేసేవాడు. సెలవు మీద రాయచోటిలో మా ఇంటికొచ్చి, మరునాడు తెల్లారే వెళ్ళిపోతున్నాడని కబురొచ్చింది. నన్ను తీసుకుపోవడానికి నాయన తల్లి, మా జేజి, వచ్చింది. ఉన్నది ఆ ఒక్క బస్సే. అది తప్పితే నాయన దక్కడు.

దింపేటప్పుడే డ్రైవరు సాయిబు హెచ్చరించాడు. “పైన శానాసేపు నిలబెట్టలేనవ్వా. నిప్పు ఆరితే మళ్ళా రాజేసేకి పొద్దు గూకుతాది. బిన్నా రాండి.”

మలుపు తిరిగినప్పుడల్లా లోయ ఇంకాస్త లోతుగా, అవతలి కొండలు ఒకదాని వెనక ఒకటి నీలంగా కనిపించేవి. ఇప్పుడు కార్లలో పోయేవాళ్ళు ఆగి మరీ చూసి మురిసిపోతారు. మురియనీయండి. ఆ ఎండలో అరిగిన చెప్పులతో ఎక్కితే తెలుస్తుంది. సగం దారిలో నా మడమ బొబ్బ పగిలింది. దారి పక్క కాలవ మోరీ గట్టు మీద కూలబడి, ఇక కదలనని చెప్పేశాను. తోటివాళ్ళు మమ్మల్ని దాటుకుని పోయారు. నన్ను ఎత్తుకునే ఓపిక జేజికి లేదు. ఉబ్బసం మనిషి, అప్పటికే ఊపిరి ఈలలు వేస్తోంది. నాయన పేరు చెప్పి బతిమాలింది. నాయన మీద ఎంత ప్రేమ ఉంటే మాత్రం, కాళ్ళకు ఆ సంగతి తెలియాలి కదా.

జేజి ఈసారి పైమలుపు దగ్గర ఉన్న చెట్టు వైపు చెయ్యి చూపింది. “రావిచెట్టు బలే పెరిగుండాదే.”

“రావి కాదు జేజీ, కానుగ.”

“పోవే. నీకేం తెలుసు, బళ్ళో కూచునేదానివి. రావే.”

నా ఒంట్లో ఏదో భగ్గుమంది. కుంటుకుంటూ పోయి రెమ్మ విరిచి తెచ్చి ఆమె ముక్కు కింద పెట్టాను. జేజి దాన్ని అటూ ఇటూ తిప్పి, ఏమోలెమ్మని పెదవి విరిచి, ముందుకు నడుస్తూ, ఆపై మలుపులో తంగేడును కరివేపాకు అంది. కరివేపాకట! అదీ తెచ్చి చూపించాను. అక్కడినుంచి అడ్డసరాన్ని మామిడిమొక్క అంది. ఆమె అనడం, నేను ఎగబాకి ఆకు కోసి నిరూపించడం. అంత మొండిమనిషిని నేను చూడలేదనుకున్నాను. చేతినిండా ఆకులతో ఆఖరి మలుపు తిరిగేసరికి ఎదురుగా బస్సు నిలబడి ఉంది.

లోపల ఒక తల్లి ఒళ్ళో బిడ్డ ఆగకుండా దగ్గుతోంది. జేజి ఎక్కి కూర్చోగానే నా చేతిలోంచి ఒక రెమ్మ లాగి ఆమెకిచ్చింది. “అడ్డసరం. కషాయం కాచి, తేనె కలిపి తాపమ్మా.” అడవిమందుల కోసం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మా జేజి దగ్గరికే వచ్చేవాళ్ళన్న మాట నాకు అప్పటికి గానీ గుర్తు రాలేదు. అబద్ధాలకోరువని మండిపడ్డాను.

“నడువంటే కూచుంటావు, కాదంటే లేస్తావు. నేనేం చేయల్ల తల్లీ?” అంది. ఆ నాలుగు మాటలకే ఆయాసంతో కళ్ళు మూసుకుంది. దారి పొడుగునా అన్ని మాటలు ఏ ఊపిరితో ఆడిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

పొద్దు ఉండగానే ఇల్లు చేరాం. నాయన నా మడమకు వెన్న రాసి, గుడ్డ కట్టి, బడి కబుర్లన్నీ చెప్పించుకున్నాడు. తెల్లారి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. నాకు మిగిలిన నాయన ఆ ఒక్క సాయంత్రమే.

నాకు నోరెక్కువని ఊరంతా అంటుంది. నిజమే, కాదనను. కానీ ఆ నోటిని దేనికి వాడుకోవచ్చో నేర్పిన మనిషి జేజి ఒక్కతే. ఈ మధ్య నేను అలసి మంచం పడితే, “పాపం, పడుకో” అనేవాళ్ళకు కొదవ లేదు. అది ప్రేమే. లేపేది మాత్రం కాదు. నాతో పోట్లాడి లేపేవాళ్ళు లేక, ఆ పని కూడా నేనే చేసుకుంటున్నాను. పొద్దున్నే పత్రిక తెరిచి, అడ్డదిడ్డంగా రాసినవాడెవడో వెతుక్కుని, వాడి మీది కోపంతో లేచి నిలబడతాను.