డప్పును మింగిన సహాయకుడు

తన మైక్‌సెట్ వైర్లను ఇంకొకరు ముట్టుకుంటే తాయారు ఊరుకోదు. అది ఆమె నాన్న ఇచ్చిన ఆస్తి. ఆడపిల్ల హారన్లు కడుతుందా అని నవ్వినవాళ్ళే ఇప్పుడు పెళ్ళికీ పేరంటానికీ ముందు ఆమెకు కబురు పెడతారు. చీరకొంగు నడుముకు బిగించి కొబ్బరిచెట్టుకు హారన్ కట్టడంలో ఆమెను మించినవాళ్ళు కోటబొమ్మాళి నుంచి సముద్రం దాకా లేరు. పాటలు కంప్యూటర్లోకి వచ్చాక ఆ కంప్యూటర్ని కూడా అలాగే లొంగదీసింది. అది మొరాయిస్తే బుజ్జగించదు, తిడుతుంది.

అంతటి తాయారుకు అమ్మవారి పండగనాడు ముచ్చెమటలు పట్టాయి.

వాళ్ళ పల్లెలో తొలి ఘటం ఎత్తే వంతు ఇంటింటికీ వరసగా తిరుగుతుంది. తాయారు అత్త బుల్లమ్మ కొత్తకోడలుగా ఉన్నప్పుడు ఆ వంతు ఒకసారి వాళ్ళింటికి వచ్చింది, మళ్ళీ ఈ ఏడే వచ్చింది. ఘటం ఎత్తేది ఇంటి పెద్దావిడే అయినా, ఆ ఇంటి మగవాడు తొలి డప్పు విని అమ్మవారిని లెమ్మని కేక వెయ్యాలి. పొద్దుగూకేలోపు ఆ కేక పడకపోతే వంతు పక్కింటికి పోతుంది. బుల్లమ్మ కొడుకు, అంటే తాయారు మొగుడు నాగబాబు చూస్తే ఎక్కడో గుజరాత్‌లో, వెరావల్ రేవులో బోటు మీద ఉన్నాడు. వేట కోసం సగం పల్లె మగవాళ్ళు అక్కడికే పోతారు మరి.

ఊరిపెద్ద జగన్నాధం నాలుగిళ్ళవాళ్ళనీ అడిగి, వీడియోకాల్లో విన్నా విన్నట్టేనని ఒప్పుకున్నాడు. చేతిలో ఫోను పట్టుకుంటే జనం హోరులో ఏమీ తేలదని తాయారు తన మైకును కంప్యూటర్‌కు కలిపి, మొగుడికి అందులోంచే కాల్ చేసింది. అతని కేక హారన్లలో ఊరంతా మోగేలా ఏర్పాటు కూడా చేసింది.

పసుపుచీర కట్టుకుని, పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టని బుల్లమ్మ ఘటం ముందు నిలబడింది. డప్పులవాడు గంగులు డప్పును మంట మీద కాచి తెచ్చి, మైకు ముందు దరువేశాడు. పల్లె అదిరిపోయింది. తెర మీద నాగబాబు మాత్రం చెవొగ్గి అలాగే నిలబడ్డాడు.

"ఏటి, ఇంకా మొదలెట్టనేదా?" అన్నాడు.

గంగులు చేతులు నొప్పెట్టేలా కొట్టాడు. తాయారు మైకును డప్పుకు ఆనించినంత దగ్గరగా జరిపింది, వైరు మార్చింది. ఫలితం సున్నా. సిగ్నల్ లేదేమో డాబా ఎక్కమని ఒకరు, దిష్టి తీయమని ఒకరు. సిగ్నల్ లేకపోతే జగన్నాధం మాట్లాడిన ప్రతి ముక్కా వెరావల్లో గంట కొట్టినట్టు ఎలా వినిపిస్తోంది? పొద్దు జీడితోటల మీదికి వాలింది. పక్కింటివాళ్ళు అప్పుడే తమ ఘటానికి పసుపు రాసుకుంటున్నారు, వాళ్ళ తొందర చల్లగుండ!

"మళ్ళీ మన వరస వొచ్చేసరికి నానుంతానేటే?" అంది బుల్లమ్మ.

అప్పుడే నాగబాబు విసుక్కున్నాడు. "తలుపులేసుకుని గదిలో కూకున్నట్టుందేటే? సముద్రం ఇనపడదేటి?"

తాయారు చేతులు ఆగిపోయాయి. ఆమె వెనకే సముద్రం విరుచుకుపడుతోంది. పుట్టినప్పటినుంచీ వింటున్న చప్పుడు కాబట్టి అదొకటి ఉందన్న సంగతే ఆమెకు గుర్తులేదు. అవతలికి డప్పు పోవడం లేదు, సముద్రం పోవడం లేదు, మాట ఒక్కటే పోతోంది. అంటే మధ్యలో ఎవరో కూర్చుని ఏరి పారేస్తున్నారు!

ఆ ఎవరో ఎవరన్నది ఆమెకు వెంటనే తట్టింది. శ్రీకాకుళంలో మైకును కంప్యూటర్‌కు కలిపే కొత్త పెట్టె కొన్నప్పుడు, దాంతోపాటు ఒక సహాయక ప్రోగ్రాం ఉచితమని, ఫ్యాను గోల, ఆటోల గోల అదే తీసేస్తుందని కొట్టువాడు ఎక్కించి ఇచ్చాడు. ఆ రోజునుంచీ కంప్యూటర్ తెరిస్తే చాలు, పిలవని పేరంటానికి వచ్చినట్టు తెర మూల గడియారం పక్కన పచ్చబొమ్మై కూర్చుంటోంది. దానికి డప్పూ గోలే, సముద్రమూ గోలే.

"దొరికినావురా," అంది తాయారు. ఆమె కళ్ళు మెరిశాయి. జనం మూగారు.

తెర మీద ఆ ప్రోగ్రాం కిటికీ మూసింది. పచ్చబొమ్మ కదల్లేదు. పాటలు ఇరుక్కున్నప్పుడల్లా తెరిచే టాస్క్ మేనేజర్ తెరిచి, దాని పేరు పట్టి ఎండ్ టాస్క్ కొట్టింది. మాయమైంది. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ ప్రత్యక్షం! ఇంకోసారి చంపింది, ఇంకోసారి లేచింది. ఎవరు లేపుతున్నారు దీన్ని? గబగబా జాబితా అంతా వెతికితే కింద అదే కంపెనీ పేరుతో ఇంకొకటి, అప్‌డేట్ అని మర్యాదగా పేరు పెట్టుకుని నక్కి ఉంది. ముందు దాని పని పట్టింది, ఆ తర్వాత పచ్చబొమ్మ పని. ఊపిరి బిగబట్టి చూసింది. ఈసారి రెండూ లేవలేదు. కాల్లో ఆ ప్రోగ్రాం బదులు తన అసలు మైకును ఎంచుకుని, వెనక్కి తిరిగింది.

"కొట్టు మావా!"

గంగులు కర్ర పడీ పడగానే వెరావల్లో నాగబాబు ఉలిక్కిపడ్డాడు. అతని వెనక బోటువాళ్ళు ఈలలేశారు. అంచు మాత్రమే మిగిలిన పొద్దు సాక్షిగా నాగబాబు గొంతు హారన్లు పగిలేలా మోగింది.

"లెగు తల్లీ!"

బుల్లమ్మ ఘటం ఎత్తుకుంది. జగన్నాధం అంతటివాడు గంగులు పక్కన చిందేశాడు. తాయారుకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. కళ్ళు తుడుచుకుంటూనే ఆ రెండింటినీ స్టార్టప్‌లోంచి తీసేసింది, రేపు కంప్యూటర్ తెరిస్తే మళ్ళీ తగలకుండా.

ఊరేగింపు ముందుకు సాగిపోయింది. ఇక కాల్ కట్టెయ్యబోతుంటే నాగబాబు వద్దన్నాడు.

"మైకు తియ్యకే. కాసేపు సముద్రం ఇననీ."

ఆ సముద్రం వెరావల్లోనూ ఉందిగా అనబోయి, అతని మొహం చూసి తాయారు ఊరుకుంది. మైకు స్టాండు ఎత్తుకెళ్ళి, వైరు అందినంత దూరంలో అలల వైపు తిప్పి పెట్టింది.