ఎముకల్లోనూ ఊపిరే

నా చిన్నప్పుడు నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టే మా తాతయ్యే నలుగురిలో ఆ మాట అని నవ్వేవాడు. ఒక చలికాలం ఉదయం చెరువు కట్ట కింద కుక్కలు ఒక వలసబాతును తరుముతున్నాయి. దాని తల మీద రెండు నల్ల చారలు, ఒక రెక్క వేలాడుతోంది. రాళ్లు రువ్వి కుక్కలను అదిలించి, దాన్ని రెండు చేతులతో గుండెకు అదుముకుని తాతయ్య దగ్గరికి పరిగెత్తాను. ఎలాగైనా బతికించాలి, అంతే.

ఇల్లు చేరేసరికి అది నోరు తెరుచుకుని కళ్లు మూసేస్తోంది. రెక్క నొప్పి అనుకున్నాను. తాతయ్య నా చేతులు విడదీసి దాన్ని గోనెపట్టా మీద పెట్టాడు. కాసేపటికి కళ్లు తెరిచింది. రెక్క మళ్లీ కొట్టుకోకుండా ఒళ్లంతా బిగించి కట్టమని పట్టుబట్టాను. ఆయన కట్టుగుడ్డ తీసి నా ఛాతీకే నాలుగు చుట్లు బిగించి, వీధి చివరిదాకా పరిగెత్తి రమ్మన్నాడు.

ఓడిపోవడం నాకు చేతకాదు కదా, పరిగెత్తాను. తిరిగొచ్చేటప్పుడు ఊపిరందక అరుగు పట్టుకుని నిలబడిపోయాను.

“ఎద ఆడకపోతే దానికి ఊపిరి యాడిది పాపా? నువ్వు దాన్ని అట్లే పట్టుకోనొచ్చినావు,” అన్నాడు నా కట్టు విప్పుతూ. “పిట్టకు ఒళ్లంతా గాలిసంచులుండాయి. ఎముకల్లోకి కూడా గాలి పోతాది. కోడి రెక్క మొదటెముక ఇరిసి సూడు, మూలుగుండదు.”

అప్పుడు గానీ నేనేం చేశానో అర్థం కాలేదు. భోరున ఏడ్చాను.

సన్నని వెదురుబద్దలు పెట్టి, రెక్కకు మాత్రమే కట్టాడు. నెల పైగా నూకలు, గరిక పెట్టి సాకాను. ఎండలు ముదరకముందే అది చెరువు మీద రెండు చుట్లు తిరిగి ఉత్తరం దిక్కుగా వెళ్లిపోయింది. ఆ బాతులు హిమాలయాలు దాటుతాయని తరవాత మా సైన్సు మాస్టారు చెప్పారు. గాలి పలచబడే ఆ ఎత్తులో పీల్చినప్పుడూ వదిలినప్పుడూ కూడా వాటి ఊపిరితిత్తులకు కొత్త గాలే అందుతుందట. దొరికిన కాస్త ప్రాణవాయువునూ వాటి రక్తం గట్టిగా పట్టుకుంటుందట. అలాంటి పిట్టను నేను పుత్తూరు వీధిలో చంపబోయాను.

ఇప్పుడు నేనూ కట్టు కడతాను. పక్కటెముకలు విరిగినవాళ్లను తీసుకొచ్చిన మనుషులు ఇంకా బిగించమని తొందరపెడతారు. ఎవరేమన్నా వినను. నిండా ఊపిరి పీల్చమని చెప్పి, ఆ ఛాతీ ఎంతవరకు లేస్తుందో చూసి, అక్కడే ముడి వేస్తాను.