పక్కింటి ఫోన్ అనుకున్నది

మార్కాపురంలో మా వీధికి నీళ్ల ట్యాంకరు వచ్చే వేళంటూ ఒకటి లేదు. వచ్చినప్పుడు పట్టుకోవాలి, లేదంటే మళ్లీ రెండు రోజులు ఆగాలి. మా ఆవిడ స్కూల్లో టీచరు, పగలు ఇంట్లో ఉండదు. నేను వెనక గదిలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆఫీసు పని చేసుకుంటుంటాను, హారన్ వినబడదు. అందుకని పక్కింటి అక్క గోడ మీదుగా "తమ్ముడూ, నీళ్లొచ్చినాయి!" అని కేకేసేది. అప్పటికీ నేను లేవకపోతే వచ్చి కిటికీ తలుపు మీద కొట్టేది.

ఆమె బట్టలు కుట్టి బతుకుతుంది. భర్త పోయాడు. ఒక్కతే కూతురు, పామూరులో ఇచ్చారు. ఆ కూతురికి కొడుకు పుట్టినప్పుడు, అక్క ఫోన్‌లో మా వైఫై పాస్‌వర్డ్ నేనే కొట్టి ఇచ్చాను. ఆమె వేయించుకునేది మాట్లాడుకునే రీఛార్జి మాత్రమే. ఇక రోజూ సాయంత్రం వీడియోలో మనవడితో సగం తెలుగు, సగం ఉర్దూ. వాడికి రెండూ అర్థం కాని వయసు.

ప్రతిసారీ ఆమె చేత పిలిపించుకోవడం నాకు నామోషీ అనిపించింది. ఎండలు ముదరకముందే గేటు మీద కెమెరా పెట్టించాను. బండి వచ్చి ఆగితే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. "ఇంక నువ్వు గొంతు చించుకోవాల్సిన పనిలేదక్కా" అని గొప్పగా చెప్పాను కూడా.

ఆ నెల ఇరవయ్యో తారీకుకే మా నెట్ లిమిట్ అయిపోయింది. ఇప్పుడు రాస్తుంటే సంగతి చిన్నపిల్లలకైనా తెలిసిపోయేలా ఉంది. అప్పుడు నాకు తట్టలేదు.

నేను పద్ధతి గల మనిషినని నాకొక నమ్మకం. టీవీకి నెట్ తీసేశాను. లాప్‌టాప్ అప్‌డేట్లు ఆపాను. మా ఆవిడ ఫోన్‌లో చూసే సీరియళ్లు ఆపించాను, దాని ఫలితం కూరల్లో తెలిసింది. వాడకం మాత్రం తగ్గలేదు. ఇక మిగిలింది అక్క. గోడ దగ్గరికి పోయి, "నెట్ తొందరగా అయిపోతా ఉందక్కా, కాస్త చూసుకుని వాడు" అన్నాను. ఆమె మిషన్ తొక్కడం ఆపి నా మొహంలోకి చూసింది.

"అట్లనే తమ్ముడూ" అంది.

మరుసటి నెలా అదే వరస. నాకు ఒళ్లు మండింది. ఎదురుగా అట్లనే అని, వెనక మామూలుగా వాడేస్తోందని నిశ్చయించుకున్నాను. రౌటర్ పేజీ తెరిచి, నెట్‌కు ఏమేం కలిసున్నాయో జాబితా చూశాను. మా ఫోన్లు, లాప్‌టాప్ పేర్లతో సహా ఉన్నాయి. చివర్న ఒకదానికి పేరు లేదు, ఉత్త అక్షరాలూ అంకెలూ. అక్కది పాత చవక ఫోన్, దానికి పేరెందుకుంటుందిలే అనుకుని దాన్ని బ్లాక్ చేశాను. మూడు రోజుల్లో వాడకం సగానికి పైగా పడిపోయింది. దాచడమెందుకు, దొంగను పట్టుకున్నంత సంతోషమైంది. మా ఆవిడతో ఆ మాటే అన్నాను. "ఆమె అట్లాంటి మనిషి కాదు" అందామె. నేను నవ్వి ఊరుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం బయటికొచ్చి చూస్తే వీధంతా తడిసి ఉంది. అందరి డ్రమ్ములూ నిండాయి. మావి రెండూ ఖాళీ. నాకు మెసేజ్ రాలేదు. కెమెరా పెట్టినతన్ని పిలిపించాను. అతను రౌటర్ పేజీ చూసి నావైపు వింతగా చూశాడు.

"మీరే బ్లాక్ చేసినారు గదన్నా. ఇది మీ కెమెరానే. పొద్దస్తమానం వీడియో తీసి కంపెనీకి పంపిస్తా ఉంటది. మీ నెట్టంతా తాగేది ఇదే."

అతను వెళ్లాక పక్కింటికి పోయాను. గడపలో రెండు బిందెలు మూతలు పెట్టి ఉన్నాయి.

"మీ డ్రమ్ములు ఉత్తవి ఉండాయని పట్టి పెట్టినా. కేకేద్దామనుకున్నా, కెమెరా ఉంది గదా అని ఊరుకున్నా" అంది అక్క.

నెట్ తాగింది ఆ కెమెరానే అని చెప్పాను. పొరపాటు నాదేనని, మళ్లీ ఎప్పట్లాగే వాడుకొమ్మని అన్నాను.

"నా ఫోన్‌లో మీ నెట్ ఏడుంది తమ్ముడూ? నువ్వు చెప్పిన పొద్దే ఎదురింటి పిల్లతో తీసేయించినా."

నాకు సిగ్గేసింది. ఫోన్ ఇమ్మన్నాను. పాస్‌వర్డ్ కొడుతూ, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని మనవడు ఎట్లున్నాడని అడిగాను.

"నడుస్తా ఉండాడు. పోయిన వారం మొదటి అడుగు వేసినాడని మా కూతురు ఫోన్ చేసి చెప్పింది."

పాస్‌వర్డ్ తప్పు పడింది. మళ్లీ కొట్టాను.

"ఇప్పుడు చేయక్కా, చూద్దువు" అన్నాను.

"చేస్తాలే" అంది ఆమె, కోపమేమీ లేకుండా. "మొదటి అడుగు అయిపోయింది గదా, ఇంక తొందరేముంది. ముందు బిందెలు తీసుకుపో."