పక్క గదిలో సూడు

దెయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. హాస్టల్లో ఎవరైనా ఆ కబుర్లు మొదలెడితే ఇయర్‌ఫోన్స్ పెట్టేసుకునేదాన్ని. ఇది మాత్రం నాకే జరిగింది కాబట్టి రాస్తున్నాను.

2016 వేసవి. నేను పెరిగింది హైదరాబాద్‌లో, అమ్మ పుట్టిల్లు నెల్లిమర్ల. మావయ్య అక్కడ శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేసే షాపు నడిపేవాడు. అంతకు ముందు ఏడాది గుండెపోటుతో పోయాడు. ఆయన్ని నేను కలిసింది తక్కువ. గొంతు కూడా సరిగ్గా గుర్తులేదు.

ఆయన కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ అని రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉండేవి. ఆన్ చేయగానే ఏది కావాలో అడిగేది. కూతురు సంధ్య చిన్నప్పటి వీడియో ఒకటి లినక్స్ వైపు దాచాడు. కెమెరా ఆయన చేతిలోనే ఉంది కాబట్టి మనిషి కనపడడట, మాట వినపడుతుందట. ఆయన గొంతు ఆ ఇంట్లో మిగిలింది అదొక్కటే. నేనెప్పుడూ చూడలేదు.

సంధ్య చోటు చాలడం లేదని, ఖాళీ అనుకుని డిస్కులో ఒక భాగం డిలీట్ చేసింది. మళ్లీ ఆన్ చేస్తే నల్ల తెర, మూల ఒక ఎర్రర్. ఎవరో రిపేరువాడు చూసి "ఫార్మాట్ కొట్టీడమే" అన్నాడట. ఫార్మాట్ అంటే ఆ వీడియోతో సహా అంతా చెరిపేయడమే. ఆ మాట విని నాకు ఒళ్లు మండింది. బ్యాగు సర్దుకుని రైలెక్కేశాను.

అత్త గుమ్మంలోనే ఆపింది. "ఒసే, నీకొస్తాదా? రాకపోతే ముట్టుకోకు. ఉన్నది కూడా పోతాది."

"వస్తుంది" అన్నాను, గట్టిగానే.

బూట్‌లోడర్ అంటే గుమ్మం దగ్గర కాపలా మనిషి లాంటిది. డిస్కులో భాగాల నంబర్లు మారేసరికి అది దారి మర్చిపోయింది. ఒక్కో భాగం తెరిచి, లినక్స్ ఎక్కడుందో మనమే దానికి చూపించాలి. ఏం చేయాలో రైల్లోనే చదివేశాను. ఫోన్ బల్ల మీద నిలబెట్టి వీడియో రికార్డింగ్ ఆన్ చేశాను. బాగయ్యాక స్టేటస్ పెట్టాలిగా మరి.

మిట్టమధ్యాహ్నం. సంధ్య కాలేజీలో పరీక్షకెళ్లింది. అత్త పెరట్లో చేపలు శుభ్రం చేస్తోంది. ఒక భాగంలో లినక్స్ ఫైళ్లు కనిపించాయి. ఇదే అనుకుని దారి ఇచ్చాను. ఎర్రర్. మళ్లీ ఇచ్చాను, మళ్లీ ఎర్రర్. నా మొండితనం తెలిసిందే, దాన్నే పట్టుకుని వేలాడుతున్నాను.

వెనకనుంచి ఒక మగ గొంతు. తాపీగా, కాస్త నవ్వుతున్నట్టు.

"ఆ గది కాదే పిల్లా, పక్క గదిలో సూడు."

పక్కింటి ఆయనెవరో వచ్చి సలహాలిస్తున్నాడనుకున్నాను. నాకు పని మధ్యలో సలహాలు పడవు. తల తిప్పకుండానే "అంత తెలిస్తే మీరే వచ్చి చేయండి!" అని అరిచాను.

పెరట్లోంచి అత్త. "ఎవులితోటే ఆ కేకలు?"

వెనక్కి చూశాను. ఎవరూ లేరు. వీధి తలుపు గడియ వేసే ఉంది.

అయినా చేతులు ఆగలేదు. పక్క భాగం తెరిచాను. అసలు లినక్స్ అక్కడుంది. మొదటిది ఎప్పటిదో పాతది, మావయ్య తీసేయకుండా వదిలేశాడు. దారి ఇచ్చి ఎంటర్ కొట్టాను. మెనూ వచ్చింది. లినక్స్, కింద విండోస్. "అత్తా!" అని నేను వేసిన కేకకి ఆవిడ పొలుసుల చేతులతోనే పరిగెత్తుకొచ్చింది.

బూట్‌లోడర్ మళ్లీ సరిగ్గా ఇన్‌స్టాల్ చేసి, అప్పుడు వీడియో తెరిచాను. బుజ్జి సంధ్య గౌను పట్టుకుని, దాక్కున్న వాళ్లమ్మను వెతుక్కుంటూ ఒక తలుపు తోస్తోంది. కెమెరా వెనకనుంచి తాపీగా, కాస్త నవ్వుతూ,

"ఆ గది కాదే పిల్లా, పక్క గదిలో సూడు."

"మీ మావే! సూసినావా, మీ మావ గొంతే!" అత్త నవ్వుతోంది, ఏడుస్తోంది. నేను వీడియో వెనక్కి జరిపి ఆ మాట మళ్లీ విన్నాను.

తర్వాత నా ఫోన్‌లో రికార్డయింది వేసి విన్నాను. ఫ్యాన్ చప్పుడు, కీబోర్డు చప్పుడు, నా అరుపు, అత్త ప్రశ్న. నా అరుపుకు ముందు ఏ గొంతూ లేదు.

సాయంత్రానికి సంధ్య వీధంతా చాటింది. "ఫార్మాటన్నాడు గదా ఆడు? మా వదిన సేసి సూపించింది!" ఆ రోజు నేను నేలమీద నడవలేదు. ఇప్పటికీ ఎవరడిగినా తలెత్తి చెబుతాను, దాన్ని బాగుచేసింది నేనేనని.

ఆఫీసులో ఇప్పుడు డిస్కు భాగాల్ని గదులనే అంటున్నాను. కొత్తగా చేరినవాళ్లు "గదులేంటి, ఎవరు నేర్పారు?" అని నవ్వుతారు. పక్క గదిలో చూడమని చెప్పి నా పనిలో పడతాను.