కత్తెరకు తెగిన జింక్ బిళ్ళలు

రావల్కోల్‌లో ఆశా కార్యకర్తగా నాకు నోరెక్కువ అన్న పేరుంది. ఆ పేరు నిలబెట్టుకున్న రోజొకటి చెబుతాను.

మా వీధిలో బట్టలు కుట్టే దాదీ మనవడికి అప్పుడు పదకొండు నెలలు. ఆ వానాకాలంలో వాడికి విరేచనాలు పట్టుకోవడం మూడోసారి. బుగ్గలు పీక్కుపోయాయి. ముందు రెండుసార్లూ విరేచనాలు ఆగగానే జింక్ బిళ్ళలు మానేశారు, మళ్ళీ వెళ్ళి అడగని తప్పు నాదే. నాలుగోసారి వస్తే ఈ బక్కప్రాణం తట్టుకుంటుందా అని భయమేసింది. ఓఆర్‌ఎస్ పొట్లాలూ, పద్నాలుగు బిళ్ళల షీటూ దాదీ కోడలికిచ్చి, రోజుకొకటి చెంచాడు కాచి చల్లార్చిన నీళ్ళలో కరిగించి పట్టడం చూపించాను.

ఐదో రోజు పొద్దున వెళితే వాడు కుట్టుమిషన్ పట్టుకుని నిలబడి నవ్వుతున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది! ఈ రోజు బిళ్ళ వేశారా అని అడిగాను.

"విరేచనాలు బంద్ అయినయ్ గద బేటీ, ఇగెందుకు? మస్తు మంచి గోలీలు! యాప్రాల్ బిడ్డకైదు, దుండిగల్ బిడ్డకైదు నిన్ననే పంపిన," అంది దాదీ సంబరంగా.

బక్రీద్‌కు ఖుర్బానీ మాంసం వాటాలేసినట్టు షీటును కత్తెరతో కత్తిరించి కూతుళ్ళిళ్ళకు పంచింది! ఆ ఇంటికి ఏ మంచి వస్తువొచ్చినా కూతుళ్ళకు వాటా పోవాల్సిందే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంది దాదీ గిది! గవి ఇప్పటి విరేచనాలకే గాదు, మల్ల రాకుండ గూడ. పద్నాలుగు దినాలు పడాలె! జల్దీ ఫోన్ కొట్టు!"

నా సంచిలో ఇంకో షీటు లేదు. వీధంతా వినేలా అరిచాను. సాయంత్రానికి యాప్రాల్ అల్లుడు బండి మీద ఐదు తెచ్చాడు. మర్నాడు దుండిగల్ కూతురు షేర్ ఆటోలో వచ్చి మిగతావి ఇచ్చింది. దాదీ ఆ రెండు ముక్కల అంచులనూ ఎర్ర దారంతో కలిపి కుట్టేసింది.

పద్నాలుగో రోజు ఆఖరి బిళ్ళ దాదీయే కరిగించి పట్టింది. వాడు మూతి వంకర పెట్టి మింగి, మిషన్ వదిలేసి, నా వైపు రెండడుగులు వేశాడు. నడిచాడు! నాకు ఏడుపు ఆగలేదు.

"కొట్లాడేటప్పుడు గంత నోరుండె, గిప్పుడేడుస్తవేంది?" అంటూ దాదీ కుట్లు వేసిన ఖాళీ షీటు నా చేతిలో పెట్టింది. వానలు వెలిసేదాకా వాడికి విరేచనాలు మళ్ళీ రాలేదు. ఆ షీటు ఇప్పటికీ నా సంచిలోనే ఉంది, ప్రతి ఇంట్లో తీసి చూపిస్తాను.